అన్నం వచ్చేదాకా

పోయిన శనివారం మధ్యాహ్నం భార్యతో వచ్చిన ఒక కువైటీ పెద్దమనిషి మొదటి గిన్నె మూత తీసి, లోపలికి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూశాడు. గిన్నెలో నాలుగు ముద్దలకు కూడా చాలని అన్నం ఉంది. "నేను జపాన్‌లో ఈ భోజనం చాలాసార్లు చేశాను. అక్కడ అన్నం ఆఖర్న పెడతారు. మీరేమిటి, ముందే పెట్టేశారు?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు మా మెనూ కార్డు మీద అచ్చేసి ఉంది. నాకు కంఠతా వచ్చు. "పాతకాలంలో జపాన్‌లో అతిథికి టీ ఇచ్చి గౌరవించే టీ గదుల్లో ఇలాగే వడ్డించేవారు సార్. అప్పుడే ఉడికిన అన్నం ఒక్క ముద్ద అతిథికి పెట్టి, ఆ తర్వాత భోజనం మొదలుపెట్టేవారు" అన్నాను. ఆయన తల పంకించి ఫోటో తీసుకున్నాడు. నేను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. కానీ అసలు కారణం అది కాదు. అసలు కారణం, ఇప్పుడు ఆయన భార్య కూర్చున్న నాలుగో కుర్చీలో, రెండేళ్ళపాటు నెలకోసారి వచ్చి కూర్చుని వెళ్ళింది. ఆవిడ పోయి ఈ చలికాలానికి ఏడాది. లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి రెండో గిన్నె పట్టుకున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నాది కోనసీమ. ఈ దేశం వచ్చిన కొత్తలో షుఐబాలో కాంట్రాక్టు కూలీల క్యాంపు మెస్సులో అన్నం వడ్డించేవాణ్ణి. అక్కడ అన్నం గరిటెతో కాదు, తట్టతో పెట్టేవాళ్ళం. అక్కడ్నించి ఏదో అదృష్టం బాగుండి సముద్రం ఒడ్డున ఉన్న ఈ జపాన్ హోటల్లో పడ్డాను. కౌంటరు ముందు ఎనిమిది కుర్చీలు, అవతల మా షెఫ్. జపాన్‌వాడు, యాభై దాటిన మనిషి, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఋతువును బట్టి మారే తొమ్మిది వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒక్కొక్కటీ వచ్చినప్పుడు అది ఏమిటో, ఏ ఋతువుదో, దాని రుచి ఎలా ఉంటుందో అతిథులకు వివరించడం నా పని.

ఇందులో ఒక చిక్కుంది. వాటిలో ఒక్కటి కూడా నేను తినలేదు. చాలా హోటళ్ళలో సర్వర్లకు రుచి చూపిస్తారట. మా దగ్గర చేప విమానంలో ముక్కలు లెక్కపెట్టి వస్తుంది, కూర్చునేవాళ్ళకు సరిపోను. మా భోజనం వెనక గదిలో, పప్పూ అన్నం. అయినా నేను చెబుతుంటే అతిథులు కళ్ళు మూసుకుని వినేవాళ్ళు. "పొగమంచు పట్టిన ఉదయంలాంటి పులుసు" అని ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ చెప్పేవాణ్ణి. మా ఊళ్ళో పొగమంచు నాకు తెలుసు, పులుసు తెలీదు. అయినా నా అంతవాడు లేడనుకునేవాణ్ణి.

ఆవిడను మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు శనివారం మధ్యాహ్నం. చేతికర్ర పట్టుకుని ఒక కువైటీ పెద్దావిడ వచ్చింది. పాత అతిథే. భర్త ఉన్నప్పుడు నెల నెలా ఆయనతో వచ్చి మూడూ నాలుగూ కుర్చీల్లో కూర్చునేది. ఆయన పోయాక రావడం అదే మొదలు. మనిషి సగమైపోయింది, మణికట్టు గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. ఆమె వెనకే వాళ్ళింటి పనిమనిషి, యాభై ఏళ్ళుంటాయి. నల్లటి అబాయా, తల మీద చున్నీకి గడ్డం కింద పిన్నీసు. ఇలాంటివాళ్ళు బయట బెంచీ మీద కూర్చుంటారు. కానీ పెద్దావిడ కర్రతో నాలుగో కుర్చీ చూపించింది. పనిమనిషి వద్దని తల ఊపింది. పెద్దావిడ కర్రతో నేల మీద కొట్టింది. పనిమనిషి కుర్చీ అంచున, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు కూర్చుంది.

మొదటి వంటకం పెట్టి నా పాఠం చదివాను. పనిమనిషి గిన్నెలోకి చూసింది, ముట్టుకోలేదు. రెండోది పెట్టాను. మొదటిదాన్ని జాగ్రత్తగా పక్కకు జరిపి రెండోదానికి చోటు చేసింది. మూడోది వచ్చింది, నాలుగోది వచ్చింది. అన్నీ వరసగా పేర్చుకుంటోంది. ఈమె తినేదాకా తాను మొదలుపెట్టకూడదని కాబోలు, పెద్దావిడ కూడా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పులుసు మీద ఆవిరి చచ్చిపోయింది. కాల్చిన చేప తోలు మెత్తబడిపోయింది. కౌంటరు అవతల మా షెఫ్ కత్తిని తుడిచిందే తుడుస్తున్నాడు. ఆయనకు కోపమొస్తే అరవడు, కత్తి తుడుస్తాడు. ఐదో గిన్నె పెడుతుండగా పనిమనిషి తనలో తాను గొణుక్కోవడం వినబడింది.

"దేవుడా, అన్నం యాడబెట్టినారో!"

నేను గిన్నె వదిలెయ్యబోయి పట్టుకున్నాను. "మీరు తెలుగువారాండీ అక్కా?" అన్నాను మెల్లగా.

ఆవిడ మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టయింది. "రాయచోటి పక్క నాయనా. నువ్వు తెలుగోడివా? ముందే చెప్పగూడదా! అన్నం ఇంకెప్పుడు తెచ్చారు?"

"అన్నం ఆఖర్నండి. ఇవి ఏవి వచ్చినప్పుడు అవి తినేయాలండి. చల్లారిపోతే మా షెఫ్ ప్రాణం తీసేస్తాడండి."

"ఒట్టి కూరలు ఎట్టా తింటారు నాయనా? అన్నం రాకముందే తింటే, అన్నమొచ్చినాక దేంతో తినాల?"

ఇన్నేళ్ళుగా ఎంతమందికో ఈ భోజనం వివరించిన నాకు, మా అమ్మ విస్తట్లో కూరలన్నీ వేసి అన్నం వచ్చేదాకా మమ్మల్ని ఆపడం అప్పుడు గుర్తొచ్చింది. అయినా నామోషీ నామోషీయే. మిగతా కుర్చీలవాళ్ళు చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆఖరికి అన్నం వచ్చింది. అప్పుడు చూడాలి ఆవిణ్ణి. కుర్చీలో వెనక్కి జరిగి స్థిరంగా కూర్చుంది. అబాయా చెయ్యి పైకి మడిచింది. అన్నంలో పులుసు పోసి, చేప ముళ్ళు తీసి, కూర చేర్చి, వేళ్ళ చివర్లతో కలిపి చిన్న ముద్ద చేసింది. ఆ ముద్ద తను తినలేదు. పెద్దావిడ అరచేతిలో పెట్టింది. "తింటివా మామా?" అంది. ఇక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలుస్తారు.

పెద్దావిడ తిన్నది. ఇంకో ముద్దకు చెయ్యి చాపింది. నాలుగు ముద్దలు తిన్నది. ఆ తర్వాతే ఆవిడ తన నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని నమల్లేక ఏడ్చింది. ఎందుకేడుస్తోందో నాకర్థం కాలేదు. అన్నం కోసం ఇంత రాద్ధాంతమా అనుకున్నాను.

అది తలుపు దగ్గర తెలిసింది. పెద్దావిణ్ణి కారెక్కించి పర్సు మరిచిపోయానని వంక పెట్టి వెనక్కి వచ్చింది. "బాబా పోయిన కాన్నించి నాలుగు నెలలాయ, ఈ మామా సరింగా తినల్యా నాయనా. పాలు, రొండు ఖర్జూరాలు, అంతే. పెద్ద కొడుకు డాక్టరు కాడికి తీసకపోతే బరువు తగ్గతాండాదని చెప్పిరి. ఇంకా తగ్గితే ఖలాస్, నర్సును పెట్టి ముక్కులో గొట్టమేచ్చాం, నువ్వు ఊరికి పో అన్న్యాడు. పద్నాలుగేండ్లు ఈ ఇంట్లో ఉండా. ఈడ ఉండే ఇఖామా కాగితం పోతే పోనీ, నేను పోతే ఈమె చచ్చిపోతాది. ఈపొద్దు నాలుగు ముద్దలు తిన్న్యాది. చూచ్చివి కదా?"

చూశానని తల ఊపాను. ఇంతసేపూ ఆవిడ మీద మండిపడ్డందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం షెఫ్ నన్ను పిలిచాడు. చల్లారిన గిన్నెలు కౌంటరు మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఏ గిన్నె ఎలా తిరిగొచ్చిందో రోజూ చూసుకోవడం ఆయన అలవాటు. "నా వంట బాగాలేదా?" అన్నాడు. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా అడిగాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. మాకు అన్నం వస్తేనే భోజనమనీ, అది వచ్చేదాకా మిగతావన్నీ ఎదురుచూస్తాయనీ, కడుపునిండా ఏం తిన్నా అన్నం తినకపోతే మా వాళ్ళు ఏమీ తినలేదనే చెబుతారనీ చెప్పాను.

ఆయన ఆ వరసలోంచి అన్నం గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఆయన కుర్రతనంలో ఒక టీ గురువు ఇంట్లో వంట నేర్చుకున్నాడట. అక్కడ అన్నం ముందు పెట్టేవారట, ఒకే ఒక్క ముద్ద, పొయ్యి మీంచి అప్పుడే దించింది. తర్వాత హోటళ్ళకు వచ్చాడు, హోటళ్ళలో అన్నం ఆఖరికి పోయింది. "ముప్ఫై ఏళ్ళు. మరిచిపోయాను" అన్నాడు. ఆ రోజు ఆయన వాటా పది మాటలూ దాటిపోయాయి.

మరుసటి నెల వాళ్ళు వచ్చి కూర్చోగానే మొదటి గిన్నెగా అన్నం వెళ్ళింది. ఆవిడ మూత తీసి నన్ను చూసింది.

"ఇంతేనా! పిచ్చుకలకు పెట్టినట్టు పెట్టినారే!"

"అయిపోతే మళ్ళీ పెడతారండి."

ఒక మెతుకు తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కింది. "ఇగరల్యా. ఒగ నిమిషం ముందే దించేసినారు. చెప్పు ఆయప్పకు."

చచ్చానురా దేవుడా అనుకున్నాను. షెఫ్ నా వైపే చూస్తున్నాడు, ఏమందో చెప్పమని. చెప్పక తప్పలేదు. చెప్పాను. కత్తి గుడ్డ కోసం చెయ్యి వెళ్తుందనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. టీ గదుల్లో ఆ మొదటి ముద్దను కావాలనే ఇగరకముందు పెడతారట. అన్నం ఇప్పుడే అన్నం అవుతోందని అతిథికి తెలియడానికట. "ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు. ఆమెకెలా తెలిసింది?" అని అడిగాడు. నేను ఆవిణ్ణి అడిగాను.

"అదేం ప్రశ్న నాయనా" అంది ఆవిడ. "ఏడేండ్లప్పుడు కాన్నించి పొయ్యి కాడ ఉండా."

అప్పట్నుంచి ఆవిడకూ షెఫ్‌కూ ఏదో కుదిరింది. ఒకళ్ళ భాష ఒకళ్ళకు రాదు. మధ్యలో నేను. ఆవిడకు ఉన్నంత కుతూహలం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. గిన్నె రాగానే ముందు అడుగు భాగం తిప్పి చూసేది. మూత వాసన చూసేది. ఇది దేంతో చేసినారు, ఎంతసేపు ఉడకబెట్టినారు, ఈ ముల్లంగి యా ఊర్నించి వచ్చింది అని అడిగేది. ముల్లంగి ఇక్కడిదేననీ, కబ్ద్ తోటల్లో పండిందనీ చెబితే, "ఇసకలో ముల్లంగా! సెబాష్" అని దానికి దణ్ణం పెట్టి తిన్నది. ఒకసారి చేప కింద ఎర్రటి ఆకు వచ్చింది, అయిదు వేళ్ళ చెయ్యి ఆకారంలో. ఆ ఆకు జపాన్ నుంచి విమానంలో వచ్చిందని చెప్పాను.

"తినే ఆకా?"

"కాదండి. ఊరికే అందానికి. అక్కడ ఇప్పుడు ఆకులు రాలే కాలం అండి."

"ఆకుకు గూడా వీసా కొట్టిచ్చినారా! దీన్ని పిలిపిచ్చుకున్న కఫీల్ ఎవురో అడుగు" అని పకపకా నవ్వింది. నవ్వేటప్పుడు అరచేత్తో నోరు మూసుకునేది, పై పన్ను ఒకటి లేదు. మామాకు అరబ్బీలో చెప్పింది. మామా కూడా నవ్వింది. భర్త పోయాక మామా నవ్వడం వాళ్ళ కారు డ్రైవరు కూడా చూడలేదట. ఆ ఆకును ఆవిడ పర్సులో దాచుకుని వెళ్ళింది.

పచ్చి చేప వచ్చినప్పుడు మాత్రం ఒప్పుకోలేదు. "ఉడకబెట్టేది మర్చిపోయినారేమో కనుక్కో" అంది. ఎంత చెప్పినా వినకుండా ఆ ముక్కల్ని వేడి పులుసులో ముంచి తెల్లగా అయ్యాక తిన్నది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే షెఫ్ మెడ చాచి ఆ పులుసులోకే చూస్తున్నాడు.

నా మీద కూడా పడింది ఒకరోజు. ఆవిరి మీద ఉడికిన గుడ్డు వంటకం ముందు నిలబడి నా పాఠం చదివాను. పట్టులా ఉంటుంది, మబ్బులా ఉంటుంది అని ముందు మామాకు అరబ్బీలో, తర్వాత ఆవిడకు తెలుగులో చెప్పాను. ఆవిడ స్పూను ఆపి నన్ను పైకీ కిందకీ చూసింది.

"నువ్వు తింటివా దీన్ని?"

"లేదక్కా. మాకు పెట్టరండి."

"దేన్నీ తినల్యా?"

"లేదండి."

"తినకుండానే ఇంత పొగడ్తాండావే! అబద్దాలు గదా నాయనా అయ్యి?"

నాకు చురుక్కుమంది. మా వైపు మర్యాద ఎక్కువంటారు, నాకు కోపం కూడా ఎక్కువే. "నా ఉద్యోగమండి అది" అని విసురుగా అని అవతలికి పోయాను. ఆ రోజంతా ఆవిడ మొహం చూడలేదు. వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగింది. "కోపం చేసుకోవాక. అది జున్ను నాయనా. ఉప్పేసిన జున్ను. మబ్బు గిబ్బు కాదు" అంది.

జున్ను! ఒక్కసారిగా నా నాలిక మీదకు వచ్చేసింది. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న గిన్నెలో ఏముందో నాకు మొదటిసారి తెలిసింది. ఆ తర్వాత ప్రతి నెలా ఆవిడ తిని, నాకొక మాట చెప్పేది. తేట పులుసు గురించి, "ఉలవలు ఉడికేటప్పుడు పైన తేలే కట్టు లేదూ, దానికి అక్కచెల్లెలు. పల్చగా ఉంటాది గానీ కడుపులోకి పోయినాక కూచ్చుంటాది" అంది. ఊరబెట్టిన వంకాయ తిని, "కారం మర్చిపోయినారు పాపం" అంది. నేను పొగమంచులూ పట్టుబట్టలూ మానేశాను. ఆవిడ మాటల్నే ఇంగ్లీషులోకీ అరబ్బీలోకీ తిప్పి చెప్పేవాణ్ణి. అతిథులు ఇప్పుడు కళ్ళు మూసుకోవడం లేదు, గిన్నెలోకి చూస్తున్నారు.

ఇంట్లో కూడా ఆవిడే ముద్దలు కలిపి పెడుతోందట, మామా బరువు తగ్గడం ఆగింది. కానీ ఊరికి పంపేస్తారన్న ఆవిడ బెంగ ఆగలేదు. ఒక శనివారం పెద్ద కొడుకు కూడా వచ్చాడు. వెనక బల్ల దగ్గర కాఫీ పెట్టుకుని కూర్చున్నాడు. తల్లి బయట ఎలా తింటోందో స్వయంగా చూసి, నర్సు సంగతి ఆ రోజే తేల్చేద్దామని వచ్చాడట. ఆవిడ ఎప్పట్లాగే చెయ్యి మడిచి, అన్నం కలిపి, మామా చేతిలో ముద్ద పెట్టబోయింది. ఆయన గబగబా లేచి వచ్చాడు. పక్క కుర్చీల్లో ఆయనకు తెలిసినవాళ్ళు ఉన్నారు.

"చెంచా లేదా? అందరూ చూస్తున్నారు" అన్నాడు పనిమనిషితో, పళ్ళు బిగబట్టి.

ఆవిడ ముద్దను మెల్లగా గిన్నెలో పెట్టేసింది. వేళ్ళు తుడుచుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది. కొడుకు చెంచా తీసుకుని తల్లి నోటి దగ్గర పెట్టాడు. తల్లి నోరు తెరవలేదు. "యుమ్మా" అని బతిమాలాడు. ఆమె అతన్ని దాటి గోడ వైపు చూస్తోంది. చెంచాలో అన్నం ఎండిపోతోంది. రెండు గిన్నెలు వచ్చాయి, రెండూ చల్లారాయి. ఈ రోజుతో అయిపోయింది, ఈవిడ ఊరికి, ఆవిడ గొట్టానికి, అనుకున్నాను.

అప్పుడు మా షెఫ్ కౌంటరు దాటి బయటికి వచ్చాడు. అతిథులున్నప్పుడు ఆయన బయటికి రావడం నేనెన్నడూ చూడలేదు. చేతిలో అన్నం ఉన్న చెక్క డబ్బా. కొడుకును చూడలేదు, తల్లిని చూడలేదు. నాలుగో కుర్చీ పక్కన నిలబడి, ఆవిడ ముందున్న చల్లారిన గిన్నె తీసేసి, వేడి అన్నం పెట్టి, తల వంచి నమస్కరించాడు. పెట్టి, అక్కడే నిలబడ్డాడు. నేను కూడా నిలబడ్డాను. ఏం చెయ్యాలో నాకు తెలీదు, కదలకూడదని మాత్రం తెలుసు.

కొడుకు చెంచా కింద పెట్టాడు. తల్లి మణికట్టు మీద గాజుల వైపు కాసేపు చూశాడు. "యల్లా, పెట్టు" అన్నాడు పనిమనిషితో.

ఆవిడ కలిపింది. మామా తిన్నది. ఆయన వెనక బల్ల దగ్గరకు వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నర్సు మాట మళ్ళీ రాలేదు. మరుసటి నెల నుంచి మా హోటల్లో ఎనిమిది కుర్చీలకూ అన్నం ముందే వెళ్ళింది. కార్డు అచ్చేయించారు. అందులో టీ గదుల గురించి ఉంది.

రెండేళ్ళయ్యాక ఆవిడ రెండు నెలల సెలవు మీద ఊరికి బయల్దేరింది. చివరిసారి వచ్చినప్పుడు మామాకు ముద్దలు పెడుతూనే ఉంది, నాకు అప్పగింతలు పెడుతూనే ఉంది. "పులుసు వేడిగా ఇయ్యి. ముల్లు చూసి పెట్టు. నేను వచ్చేలోపల నువ్వు ఒగసారన్నా తిను నాయనా. అడిగి తిను. నోరుండాది కదా."

"మీరొచ్చాక చూద్దాంలెండి అక్కా" అన్నాను.

రాలేదు. ఊళ్ళో జ్వరం వచ్చిందట, నాలుగు రోజుల్లో పోయిందట. ఈ మాట నాకు మామా డ్రైవరు చెప్పాడు, శనివారానికి కుర్చీలు చెప్పడానికి వచ్చి. మలయాళం కలిసిన హిందీలో చెప్పాడు. నేను రిజిస్టరు మీద పెన్ను పెట్టి, ఎన్ని కుర్చీలని అడిగాను. రెండన్నాడు. రాశాను. రాసి వెనక గదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఆవిడ నాకేమవుతుంది? ఏమీ కాదు. పేరు కూడా అడగలేదు నేను. అక్కా అన్నాను, సరిపోయింది.

ఆ శనివారం మామా వచ్చింది. పక్కన కొత్త పనిమనిషి, నేపాల్ అమ్మాయి, వచ్చి పది రోజులే అయింది. మామా కర్రతో నాలుగో కుర్చీ చూపించింది. అమ్మాయి బెదురుతూ అంచున కూర్చుంది. అన్నం గిన్నెలు పెట్టాను. కౌంటరు అవతల షెఫ్ పని ఆపేశాడు. ఆయనా నేనూ ఒకటే చూస్తున్నాం, ఈవిడ తింటుందా లేదా అని. డ్రైవరు చెప్పాడు, కబురు తెలిసిన రోజు నుంచి మళ్ళీ పాలూ ఖర్జూరమేనట.

మామా మూత తీసింది. అన్నాన్ని చూస్తూ కూర్చుంది. పులుసు పెట్టాను. చేప పెట్టాను. రెండూ అలాగే ఉన్నాయి. అన్నం వచ్చినా ఈసారి ఎదురుచూపు ఆగలేదు. ఎవరి కోసమో మా అందరికీ తెలుసు. నేపాల్ అమ్మాయికి తప్ప.

అప్పుడు మామా కర్రను కౌంటరుకు ఆనించింది. అబాయా చెయ్యి పైకి మడిచింది, సరిగ్గా ఆవిడ మడిచినట్టే. గాజులు కిందికి జారాయి. అన్నంలో పులుసు పోసింది, కొంచెం కౌంటరు మీద ఒలికింది. చేపను తుంచి, వేళ్ళతో తడిమి ముల్లు వెతికింది. కలపడం రావడం లేదు, అరచెయ్యంతా అన్నమయింది, చిన్నపిల్ల కలిపినట్టు. ఎలాగో ఒక ముద్ద చేసి నేపాల్ అమ్మాయి చేతిలో పెట్టింది. అమ్మాయి నన్ను చూసింది. తినమని సైగ చేశాను. తిన్నది. మామా ఇంకో ముద్ద చేసి తను తిన్నది. నమిలింది, మింగింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

మూడో ముద్ద చేసి, నా వైపు చెయ్యి చాపింది.

కౌంటరు దగ్గర మేం తినకూడదు. అది మొదటి రోజు చెప్పే రూలు. షెఫ్ వైపు చూశాను. ఆయన నన్ను చూసి, వెనక్కి తిరిగి, పైన అరలో అక్కర్లేని గిన్నె ఏదో వెతకడం మొదలుపెట్టాడు. కార్డును చంకలో పెట్టుకుని రెండు చేతులూ పట్టాను. ముద్ద వెచ్చగా ఉంది. నోట్లో పెట్టుకున్నాను.

ఉలవకట్టే. పల్చగానే ఉంది, లోపలికి పోయాక కూర్చుంది. ఆవిడ ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు. కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

మామా నా మొహంలోకి చూస్తోంది. పద్నాలుగేళ్ళు, ఆ పైన రెండేళ్ళు, మూడు పూటలా చెవిన పడిన మాట ఒకటి ఆమెకు నోటికి వచ్చేసినట్టుంది. అరబ్బీ యాసలో, రాయచోటి మాటలో అడిగింది.

"తింటివా?"

కోనసీమవాణ్ణి. తిన్నానండి అనాలి నేను.

"తింటి మామా" అన్నాను.